శాశ్వత కాపీరైటు, ధర్మకార్యం: చరిత్ర చెప్పే పాఠం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఇంగ్లండులో శాశ్వత కాపీరైటు వాదం ఎలా పుట్టి, ఎలా వీగిపోయిందో వివరించగలుగుతారు;
• 'పీటర్ పాన్' నాటకం విషయంలో 1988 బ్రిటిష్ చట్టం ఇచ్చిన హక్కుకూ, కాపీరైటుకూ గల తేడాను గుర్తించగలుగుతారు;
• భారతదేశంలో విశ్వభారతి, నవజీవన్ ట్రస్టుల అనుభవాలను దానితో పోల్చగలుగుతారు;
• రాయల్టీ సొమ్ము ధర్మకార్యానికి వెళ్తున్నప్పుడు శాశ్వత హక్కు సమంజసమా అనే ప్రశ్నకు మీ సొంత సమాధానం రాయగలుగుతారు.

2. పరిచయం

రచయిత మరణించిన కొన్నేళ్ళకు అతని రచనల మీద కాపీరైటు ముగుస్తుంది. ఆ తరువాత వాటిని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, నాటకంగా ఆడుకోవచ్చు. మన దేశంలో ఈ గడువు రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక మరో 60 ఏళ్ళు. గడువు తీరిన రచన ప్రజల ఉమ్మడి సొత్తు అవుతుంది.

సాధారణంగా గడువు ముగియడం వల్ల ఆదాయం కోల్పోయేది రచయిత వారసులు, ప్రచురణకర్తలు. మనవలు, మునిమనవలు కష్టపడకుండానే ఇంతకాలం అనుభవించారు కదా అని మనం పెద్దగా బాధపడం. కానీ ఆ ఆదాయం వారసులకు కాక, జబ్బుపడిన పిల్లలకు వైద్యం చేసే ఆసుపత్రికి వెళ్తూ ఉంటే? అప్పుడు కూడా గడువు గడువేనా? 1988లో బ్రిటిష్ పార్లమెంటు ఈ ప్రశ్నకు నిజంగానే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. మూడేళ్ళ తరువాత దాదాపు ఇటువంటి ప్రశ్నే భారత ప్రభుత్వానికీ ఎదురైంది. రెండు దేశాలూ వేర్వేరు దారులు తొక్కాయి. ఆ దారులను అర్థం చేసుకోవాలంటే ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

3. శాశ్వత హక్కు అనే పాత వివాదం

1557లో రాజశాసనం పొందిన లండన్ స్టేషనర్స్ కంపెనీ అనే పుస్తక వ్యాపారుల సంఘం చాలాకాలం ఇంగ్లండులో అచ్చు వ్యాపారాన్ని తన గుప్పిట్లో ఉంచుకుంది. సంఘం రిజిస్టరులో ఒక పుస్తకం తన పేర నమోదు చేయించుకున్న వ్యాపారి దానిని స్థిరాస్తిలా భావించేవాడు. కొనేవాడు, అమ్మేవాడు, కొడుకులకు అప్పగించేవాడు. ఈ ఏర్పాటుకు అండగా ఉన్న లైసెన్సు చట్టం 1695లో గడువు తీరి ముగిసింది.

1710లో ఆన్ రాణి కాలపు చట్టం వచ్చింది. ఇది హక్కుకు మొదటిసారి కాలపరిమితి పెట్టింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్ళు, అప్పటికే అచ్చయిన పుస్తకాలకు 21 ఏళ్ళు. గడువులు తీరే కొద్దీ లండన్ వ్యాపారులు కొత్త వాదం ఎత్తుకున్నారు. చట్టం ఇచ్చిన హక్కు ముగిసినా, అంతకంటే పాతదైన సహజ హక్కు ఒకటి ఎప్పటికీ ఉంటుందన్నారు. జేమ్స్ థామ్సన్ రాసిన 'ది సీజన్స్' కావ్యం మీద నడిచిన మిల్లర్, టేలర్ వ్యాజ్యంలో 1769లో కింగ్స్ బెంచ్ న్యాయస్థానం ఈ వాదాన్ని ఒప్పుకుంది.

ఎడింబరోకు చెందిన పుస్తక వ్యాపారి అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ దీనిని సవాలు చేశాడు. గడువు తీరిన పుస్తకాలను చవకగా అచ్చు వేసి అమ్మడం అతని వ్యాపారం. అదే కావ్యం గురించి నడిచిన డొనాల్డ్‌సన్, బెకెట్ వ్యాజ్యంలో 1774లో ప్రభువుల సభ శాశ్వత హక్కును తోసిపుచ్చింది. అచ్చయిన పుస్తకం మీద హక్కు చట్టం చెప్పినంత కాలమే ఉంటుందని అప్పటి నుంచి స్థిరపడింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. శాశ్వత హక్కు కోసం పోరాడిన వ్యాపారులు రచయితల పేరు చెప్పారు, వారి కుటుంబాల పేరు చెప్పారు. లాభం మాత్రం వ్యాపారులదే. హక్కు ఎవరి పేరు మీద అడుగుతున్నారు, అది చివరికి ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఈ ఘట్టం మనకు నేర్పుతుంది.

4. విద్య పేరుతో మొదటి మినహాయింపు

శాశ్వత హక్కును కొట్టేసిన మరుసటి ఏడాదే, 1775లో, పార్లమెంటు దానిని కొందరికి మళ్ళీ ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు, స్కాట్లండులోని నాలుగు విశ్వవిద్యాలయాలకు, ఈటన్, వెస్ట్‌మినిస్టర్, వించెస్టర్ విద్యాసంస్థలకు దానంగా వచ్చిన పుస్తకాల మీద శాశ్వత కాపీరైటు ఉంటుందని చట్టం చేసింది. ఆ పుస్తకాలను సొంత ముద్రణాలయంలో, సంస్థ ప్రయోజనం కోసమే అచ్చు వేయాలన్నది షరతు. విద్యావ్యాప్తి దీని ఆశయం.

అంటే ధర్మకార్యం కోసం శాశ్వత కాపీరైటు అన్న ఆలోచన కొత్తది కాదు. వ్యాపారికి కూడదన్న దానిని విద్యాసంస్థకు ఇవ్వవచ్చునని అప్పటి పార్లమెంటు భావించింది.

తరువాతి శతాబ్దంలో గడువు పెంచాలన్న ప్రయత్నాలు మళ్ళీ వచ్చాయి. రచయిత మరణానంతరం 60 ఏళ్ళ హక్కు ఇవ్వాలన్న బిల్లును 1841లో కామన్స్ సభలో ఎదిరించిన వారిలో ముఖ్యుడు, 1835 నాటి విద్యా మినిట్ ద్వారా మీకు తెలిసిన మెకాలేయే. కాపీరైటు అంటే రచయితలకు ప్రతిఫలం ఇవ్వడానికి పాఠకుల మీద వేసే పన్ను అని ఆయన వాదన సారాంశం. రచయితలు బతకాలి కనుక ఆ పన్ను అవసరమే గాని, ఆ ప్రయోజనానికి మించి ఒక్క రోజు కూడా ఉండకూడదన్నాడు. ఆయన మరో ప్రమాదాన్నీ చూపాడు. నవలలంటే గిట్టని వారసుడో, తండ్రి రాసిన పుస్తకం చూసి సిగ్గుపడే కొడుకో ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు కాకుండా ఆపగలడు. కాపీరైటులో డబ్బు ఒక్కటే లేదు, వద్దనే అధికారం కూడా ఉందన్నమాట. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. పాఠంలోని అసలు ప్రశ్న దీని మీదే తేలుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
(అ) 1710 చట్టం కొత్త పుస్తకాలకు, పాత పుస్తకాలకు ఎంత గడువు ఇచ్చింది?
(ఆ) 1774 తీర్పుకూ 1775 చట్టానికీ మధ్య కనిపించే వైరుధ్యం ఏమిటి?

5. పీటర్ పాన్, పిల్లల ఆసుపత్రి

ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లవాడి కథ 'పీటర్ పాన్'. స్కాట్లండులో పుట్టిన జె. ఎం. బారీ (1860-1937) రాసిన ఈ నాటకాన్ని 1904 డిసెంబరు 27న లండన్‌లో మొదటిసారి ఆడారు. 1911లో ఆయన దీనిని నవలగా రాశాడు. నాటక పాఠం 1928లో అచ్చయింది.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిని డాక్టర్ చార్లెస్ వెస్ట్ 1852లో పది పడకలతో స్థాపించాడు. అప్పట్లో అది విరాళాల మీదే నడిచేది. దానికోసం 1858లో చార్లెస్ డికెన్స్ తన రచనను బహిరంగంగా చదివి నిధులు సమకూర్చాడు. 1929లో ఆసుపత్రి స్థలం కొనుగోలుకు సాయపడే కమిటీలో చేరమని అడిగితే బారీ ఒప్పుకోలేదు. వేరే దారిలో సాయం చేస్తానన్నాడు. ఆ తరువాత కొద్ది నెలల్లోనే 'పీటర్ పాన్' హక్కులను ఆసుపత్రికి దానం చేశాడు. తన వీలునామాలోనూ ఆ దానాన్ని ఖాయం చేశాడు. దీని మీద ఎంత ఆదాయం వస్తున్నదీ బయటపెట్టవద్దని ఆయన కోరాడు. ఆసుపత్రి ఆ కోరికను మన్నిస్తూ వచ్చింది.

బారీ 1937లో మరణించాడు. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 50 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. కాబట్టి 1987 డిసెంబరు 31తో అది ముగిసింది. దానం అందిన నాటి నుంచి లెక్కిస్తే ఆసుపత్రికి 58 ఏళ్ళు ఆదాయం వచ్చింది. 1948 నుంచి ఆసుపత్రి జాతీయ ఆరోగ్య సేవలో భాగమైనా, ధర్మనిధి అవసరం తీరిపోలేదు.

6. 1988 చట్టం ఇచ్చిందేమిటి?

సరిగ్గా ఆ సమయంలోనే పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని తిరగరాస్తున్నది. 1976-79 మధ్య ప్రధానమంత్రిగా పనిచేసిన జేమ్స్ కాలహన్ అప్పటికి ప్రభువుల సభ సభ్యుడు. ఆయన భార్య ఆడ్రీ కాలహన్ ఆసుపత్రి ధర్మనిధి ట్రస్టీలకు అధ్యక్షురాలు. కాలహన్ ప్రతిపాదించిన సవరణ 1988 చట్టంలో 301వ సెక్షనుగా, 6వ షెడ్యూలుగా చేరింది.

పార్లమెంటు పీటర్ పాన్‌కు శాశ్వత కాపీరైటు ఇచ్చిందని చాలామంది అంటారు. షెడ్యూలును జాగ్రత్తగా చదివితే విషయం వేరుగా కనిపిస్తుంది.

(అ) నాటకాన్ని గాని, దాని అనుసరణను గాని బ్రిటన్‌లో బహిరంగంగా ప్రదర్శించినా, వ్యాపారరీత్యా ప్రచురించినా, ప్రసారం చేసినా ఆసుపత్రి కోసం ట్రస్టీలకు రాయల్టీ చెల్లించాలి.
(ఆ) రాయల్టీ ఎంతో ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలి. కుదరకపోతే కాపీరైటు ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది.
(ఇ) ఈ హక్కును మరొకరికి బదిలీ చేయకూడదు, తాకట్టు పెట్టకూడదు. అలా ప్రయత్నిస్తే హక్కే పోతుంది.
(ఈ) ఆసుపత్రికి ప్రత్యేక అస్తిత్వం లేకుండా పోయినా, జబ్బుపడిన పిల్లల సంరక్షణ దాని లక్ష్యాల్లో లేకుండా పోయినా హక్కు ముగుస్తుంది.

ఈ నాలుగింటిలోనూ లేనిదొకటి ఉంది. నాటకాన్ని ఆడవద్దని, పుస్తకాన్ని అచ్చు వేయవద్దని చెప్పే అధికారం ట్రస్టీలకు లేదు. మెకాలే చెప్పిన పన్ను ఉంది, ఆయన భయపడిన అడ్డుపుల్ల లేదు.

ఈ తేడా ఆచరణలో ఎంత పెద్దదో తరువాతి పరిణామాలు చూపాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో గడువు 70 ఏళ్ళకు పెరగడంతో 1996 జనవరి నుంచి 2007 చివరి వరకు బ్రిటన్‌లో పీటర్ పాన్ మీద కాపీరైటు తిరిగి వచ్చింది. అలన్ మూర్, మెలిండా గెబ్బీ కలిసి రూపొందించిన 'లాస్ట్ గర్ల్స్' అనే చిత్రకథలో బారీ కథలోని వెండీ ఒక పాత్ర. పూర్తిగా పెద్దలకు ఉద్దేశించిన ఆ పుస్తకం 2006లో అమెరికాలో వెలువడింది. ఆసుపత్రి అభ్యంతరం చెప్పడంతో, 2007 ముగిసేదాకా బ్రిటన్‌లో విడుదల చేయబోమని ప్రచురణకర్త ఒప్పుకోవలసి వచ్చింది. కాపీరైటు చేతిలో ఉన్న కాలంలో ఆసుపత్రి ఆ పుస్తకాన్ని ఆపగలిగింది. రాయల్టీ హక్కు ఒక్కటే మిగిలాక ఆ అవకాశం లేదు.

ఇదే 1988 చట్టంలో మరో ఏర్పాటు ఉంది. 1775లో విశ్వవిద్యాలయాలకు ఇచ్చిన శాశ్వత కాపీరైటును ఈ చట్టం రద్దు చేసింది. ఉన్న హక్కులు 2039 చివరి వరకు మాత్రమే సాగుతాయి. అంటే ఒక ధర్మకార్యం కోసం 213 ఏళ్ళ క్రితం ఇచ్చిన శాశ్వత హక్కును తీసేస్తూ, అదే కాగితం మీద ఇంకొక ధర్మకార్యానికి గడువు లేని హక్కును ఇచ్చారు. మొదటిది కాలం చెల్లిందని ఒప్పుకున్న సభ, రెండవదానికి కూడా ఎప్పుడో కాలం చెల్లవచ్చునని అనుకోలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
(అ) లండన్‌లోని ఒక తెలుగు సంఘం పీటర్ పాన్ నాటకాన్ని తెలుగులోకి మార్చి టికెట్లు పెట్టి ఆడితే రాయల్టీ చెల్లించాలా? అదే నాటకం హైదరాబాదులో ఆడితే?
(సూచన: భారతదేశంలో బారీ రచనల గడువు 1987తోనే ముగిసింది. బ్రిటన్‌లోని ప్రత్యేక హక్కు బ్రిటన్‌కే పరిమితం.)

7. భారతదేశ అనుభవం

రవీంద్రనాథ్ టాగోర్ 1941లో మరణించాడు. ఆయన రచనల కాపీరైటు ఆయన స్థాపించిన విశ్వభారతిది. మన 1957 చట్టం ప్రకారం గడువు 50 ఏళ్ళు కనుక అది 1991 చివరితో ముగియాలి. సరిగ్గా ఆ సమయానికి కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం చేసి గడువును 60 ఏళ్ళకు పెంచింది.

ఒక్క సంస్థ కోసం బ్రిటన్ ఒక్క నాటకానికి మినహాయింపు ఇచ్చింది. మనం ఒక్క సంస్థ కోసం రచయితలందరి గడువూ పెంచాం. అప్పటికి హక్కు మిగిలి ఉన్న ప్రతి భారతీయ రచనా, అందులో తెలుగు రచనలు కూడా, మరో పదేళ్ళు ఆలస్యంగా ప్రజల చేతికి వచ్చాయి. పైగా విశ్వభారతికి దక్కింది పూర్తి కాపీరైటు. ఆ హక్కు ఉన్న కాలంలో రవీంద్ర సంగీతాన్ని రికార్డు చేయాలంటే విశ్వభారతి సంగీత మండలి ఆమోదం కావలసి వచ్చేది. ప్రసిద్ధ గాయకుడు దేబబ్రత బిశ్వాస్ పాడే తీరు మీద ఆ మండలి అభ్యంతరాలు చెప్పింది. చివరికి ఆయన రవీంద్ర సంగీతం రికార్డు చేయడమే మానుకున్నాడు. సంస్థ ఉద్దేశం మంచిదే. కవి బాణీలను కాపాడాలనుకుంది. కానీ ఆ కాపలా వల్ల శ్రోతలు ఒక గొప్ప గొంతును కోల్పోయారు.

2001లో గడువు మళ్ళీ ముగిసినప్పుడు ప్రభుత్వం రెండోసారి పొడిగించలేదు. గాంధీజీ తన రచనల హక్కులు నవజీవన్ ట్రస్టుకు ఇచ్చాడు. ఆయన మరణించి 60 ఏళ్ళయ్యాక, 2008 చివరితో ఆ హక్కు ముగిసింది. పొడిగింపు కోరబోమని ట్రస్టు ముందే చెప్పింది. 2009 జనవరి నుంచి గాంధీ రచనలను ఎవరైనా అచ్చు వేయవచ్చు. నవజీవన్ కూడా వేస్తూనే ఉంది.

8. వాదప్రతివాదాలు

శాశ్వత హక్కును సమర్థించేవారి వాదనలు మూడు. వాటిని తేలిగ్గా తీసివేయకూడదు.

మొదటిది, దాత సంకల్పం. బారీ ఇష్టపూర్వకంగా ఇచ్చిన దానం కనుక అది నిలవాలి అంటారు. అయితే ఎవరైనా తన దగ్గర ఉన్నంతే దానం చేయగలరు. బారీ దగ్గర ఉన్నది గడువు గల హక్కు. పదేళ్ళ కౌలు ఉన్న రైతు ఆ భూమిని గుడికి శాశ్వతంగా రాసి ఇవ్వలేడు కదా. 1987 తరువాత ఇస్తున్నది బారీ కాదు, పార్లమెంటు. దాని ఖర్చు భరిస్తున్నది నాటక సంస్థలు, ప్రచురణకర్తలు, వారి ద్వారా ప్రేక్షకులు, పాఠకులు.

రెండవది, భారం స్వల్పం, ఫలం ఘనం అన్న వాదన. టికెట్టు ధరలో కొద్ది భాగంతో ఒక పసిప్రాణం నిలుస్తుందంటే కాదనేదెవరు? ఇది బలమైన వాదన. కానీ ఆసుపత్రికి సాయం చేయాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ ఆసుపత్రికి, ఎంత, ఎవరి జేబులోంచి అన్నది ప్రశ్న. బడ్జెటు నుంచి ఇస్తే ఏటా సభలో లెక్క చెప్పాలి, ఇతర ఆసుపత్రుల అవసరంతో పోల్చాలి. రాయల్టీ రూపంలో ఇస్తే ఆ పోలిక ఎన్నడూ జరగదు. పైగా ఆదాయం గోప్యంగా ఉంచమని బారీ కోరింది సొంత దానం గురించి. అది సముచితమే. చట్టం విధించిన చెల్లింపుకు అదే గోప్యత వర్తిస్తే, తాము ఎంత ఇస్తున్నారో ప్రజలకే తెలియని పన్ను అవుతుంది.

మూడవది, వ్యాపారులు పాత రచన మీద లాభం చేసుకుంటున్నప్పుడు అందులో కొంత మంచి పనికి వెళ్తే తప్పేమిటి అన్నది. ఈ వాదన న్యాయమైనదే అయితే ఒక్క నాటకానికి ఎందుకు ఆగాలి? అర్జెంటీనాలో గడువు తీరిన రచనలన్నిటి వాడకం మీదా రుసుము వసూలు చేసి కళలకు ఖర్చుపెట్టే పద్ధతి ఉంది. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కనీసం అది అందరికీ ఒకే నియమం. పలుకుబడి గల దాత, పలుకుబడి గల పెద్దమనిషి ఉన్న సంస్థకే దక్కే వరం కాదు.

9. మన నిర్ణయం

రాయల్టీ ధర్మకార్యానికి వెళ్తుంది కాబట్టి కాపీరైటు శాశ్వతంగా ఉండవచ్చునన్న వాదనను చరిత్ర బలపరచడం లేదు. కాపీరైటు అంటే డబ్బు, అధికారం రెండూ. ధర్మకార్యానికి కావలసింది డబ్బు. అధికారం కూడా కలిపి ఇస్తే, ఎంత మంచి సంస్థ అయినా ఏది పాడాలి, ఏది అచ్చు వేయాలి అని తీర్పరిగా కూర్చుంటుంది. విశ్వభారతి సంగీత మండలి అనుభవం, 2006 నాటి చిత్రకథ అనుభవం చెబుతున్నది ఇదే.

1988 ఏర్పాటు సహించదగినదిగా కనిపిస్తే, దానికి కారణం ఆసుపత్రి మంచితనం ఒక్కటే కాదు. అడ్డుకునే అధికారం తీసివేయడం, బదిలీని నిషేధించడం, పిల్లల సంరక్షణకు ముడిపెట్టడం దాని బలం. గడువు లేకపోవడం, లెక్క బయటికి రాకపోవడం దాని బలహీనత. ఇటువంటి హక్కు మరెవరికైనా ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే, గడువు, బహిరంగ లెక్క ఉండాలని అడగడం పిల్లలకు వ్యతిరేకంగా మాట్లాడటం కాదు. ఆ పిల్లలే రేపు పెద్దవారై ఆ కథను తమ భాషలో, తమ పద్ధతిలో మళ్ళీ చెప్పుకోవాలి. వారి వైద్యం ఖర్చు సమాజం భరించాలి. దానికోసం వారి కథల పెట్టెకు తాళం వేయవలసిన అవసరం లేదు.

10. సారాంశం

• 1774లో ఇంగ్లండులో శాశ్వత కాపీరైటు వాదం వీగిపోయింది. 1775లో విద్యాసంస్థలకు మినహాయింపు దొరికింది. 1988లో అది రద్దయింది.
• అదే 1988 చట్టం పీటర్ పాన్ మీద పిల్లల ఆసుపత్రికి గడువు లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. అది కాపీరైటు కాదు, ఎందుకంటే అందులో నిరాకరించే అధికారం లేదు.
• భారతదేశం విశ్వభారతి కాలంలో అందరి గడువూ పెంచింది. తరువాత 2001లో, 2008లో పొడిగింపులు లేకుండానే టాగోర్, గాంధీ రచనలు ప్రజల సొత్తయ్యాయి.
• ధర్మకార్యానికి నిధి ఇవ్వడం వేరు, రచన మీద శాశ్వత అధికారం ఇవ్వడం వేరు.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ధర్మకార్యం పేరుతో ఇచ్చిన హక్కులుగా 1775, 1988 చట్టాలను పోల్చి చర్చించండి.
2. ఒక సంస్థ కోసం చట్టం చేయడంలో బ్రిటన్, భారతదేశం అనుసరించిన పద్ధతుల్లో ఏది మెరుగైనది? కారణాలు తెలపండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కాపీరైటు ఒక పన్ను అన్న మెకాలే వాదనను వివరించండి.
2. మీకు తెలిసిన ఒక తెలుగు రచయిత తన రచనల ఆదాయాన్ని అనాథాశ్రమానికి రాసి ఇచ్చారనుకోండి. 60 ఏళ్ళ గడువు ముగియబోతున్నప్పుడు ఆ ఆశ్రమం పొడిగింపు కోరితే మీరు ఏ షరతులతో అంగీకరిస్తారు, లేదా ఎందుకు నిరాకరిస్తారు?